రిలీఫ్ రాలేదు

చీఫ్‌గారి ఇంట్లో ఒక మాట ఉండేది. బయటివాళ్ళకు అది అర్థమయ్యేది కాదు, ఇంట్లోవాళ్ళకు నవ్వాగేది కాదు. స్నానాలగదిలోంచి ఎవరైనా ఎంతకీ బయటికి రాకపోతే తలుపు బాది, "ఏం, రిలీఫ్ రాలేదా?" అనేవాళ్ళు. పాలు పొంగి పొయ్యి గట్టంతా పాడైతే, కాపలా ఉన్నవాళ్ళు తల గోక్కుంటూ "నేనేం చెయ్యను, రిలీఫ్ రాలేదు" అనేవాళ్ళు. చివరికి అల్లుడు కూడా ఆఫీసునుంచి ఆలస్యంగా వస్తే అదే పాట అందుకునేవాడు.

ఆ మాట ఓడ దిగి వచ్చింది. ఓడలో ఇంజన్ దగ్గర డ్యూటీలో ఉన్నవాడు, తన తర్వాతివాడు వచ్చి ఎదురుగా నిలబడేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. ఆకలైనా సరే, నిద్ర ముంచుకొచ్చినా సరే. వచ్చినవాడు "తీసుకున్నాను" అనాలి, ఉన్నవాడు "అప్పగించాను" అనాలి. ఆ రెండు మాటలూ అయ్యాకే వాడికి విడుదల. ఆ వచ్చేవాడినే రిలీఫ్ అంటారు. చీఫ్ ఈ పద్ధతిని ఇంట్లో కూడా పెట్టాడు. సెలవు అయిపోయి గుమ్మం దిగేటప్పుడు బీరువా తాళాలు భార్య చేతిలో పెట్టి "అప్పగించాను" అనేవాడు. ఆవిడ "తీసుకున్నాను" అనేది. కూతురు కూడా కలుపుతున్న గరిటె తల్లికిచ్చి ఆడుకోవడానికి పరిగెత్తేటప్పుడు "అప్పగించాను" అని అరిచి మరీ వెళ్ళేది. తల్లి వాటాకు మాత్రం ఎప్పుడూ ఒక్క మాటే వచ్చింది. తీసుకున్నాను, తీసుకున్నాను, తీసుకున్నాను.

చీఫ్ నౌకాదళంలో మీసాలు రాకముందే చేరి, మీసాలు నెరిశాక బయటికొచ్చాడు. ఉద్యోగమంతా ఓడ పొట్టలో, ఇంజన్ గదిలో; చీఫ్ అన్నది అక్కడి హోదాయే. అక్కడి మోతలో అరిచి అరిచి ఆయనకు నెమ్మదిగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. భార్య చెవిలో గుసగుసగా చెప్పిన కబురు వీధి చివరి బడ్డీకొట్టుదాకా వినపడేది. అంత గొంతున్న మనిషి ఒక్క విషయాన్ని అన్నేళ్ళు ఎలా దాచాడో ఆ ఓడకే తెలియాలి.

కూతురు పుట్టినప్పుడు ఆయన రాలేదు. రేవునుంచి పక్కింటికి ఫోన్ చేసి, "ఏం చెయ్యను, రిలీఫ్ రాలేదు" అన్నాడు. ఆవిడ తండ్రి పోయినప్పుడూ అదే ఫోన్, అదే మాట. వానలకు అద్దింటి కప్పు కూలినప్పుడూ రిలీఫ్ రాలేదు, చంటిపిల్లను భుజానేసుకుని, పరుపు నెత్తినపెట్టుకుని ఆవిడే ఇల్లు మారింది. తర్వాతెప్పుడో సెలవుకొచ్చి, కొత్త ఇంటి చిరునామా తెలియక ఆయన పాత ఇంటి గుమ్మం ముందు పెట్టె మీద కూర్చుని ఉన్నాడని, వీధివాళ్ళు ఆ తర్వాత చాలాకాలం చెప్పుకుని నవ్వారు. ఆవిడా నవ్వింది. దేశం పని మరి. సముద్రం మధ్యలో ఇంజన్ ఆపేసి, పెళ్ళాం పిలుస్తోందని దూకమంటామా?

అలా ఆవిడే ఆయనకు వకీలు అయింది. ఎవరేమన్నా ముందు ఆవిడే నోరు చేసుకునేది. కూతురు బళ్ళో బహుమతి తీసుకున్నరోజు బిక్కమొహం పెడితే, "మీ నాన్నకు రావాలని ఉండదనుకున్నావా? రిలీఫ్ రాకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు?" అని కసిరేది. ఆ పిల్ల బిక్కమొహం దాచుకోవడం అలా నేర్చుకుంది.

దాచుకోలేనిది తన పెళ్ళిరోజున బయటపడింది. ఈసారి సెలవు ఖాయమన్నాడు, సంచీ సర్దుకుంటున్నానన్నాడు. ముందురోజు ఫోన్ వచ్చింది. రిలీఫ్ రాలేదు. పెళ్ళి ఫొటోలో తల్లి పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది. ఫొటో తీసేవాడు దాన్ని పక్కకు జరపమంటే కూతురు జరపనివ్వలేదు. "ఉండనీండి. మా నాన్న అదే," అంది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఆయనతో మాట్లాడలేదు. ఫోన్ వస్తే మొగుడి చేతికిచ్చి వంటింట్లోకి పోయేది.

ఆ ఏళ్ళన్నీ తల్లి ఊరుకుందా? లేదు. వెళ్ళినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా పోరింది. బతిమాలింది, ఏడ్చింది, తిండి మానేసింది. "కన్నతండ్రి మీద పగేంటే? ఆయన కావాలని మానేశారా?" అని. చిట్టచివరికి చీఫ్ రిటైరై ఇంటికొచ్చాక కూతురు మెత్తబడింది. ఆరోజు ఆయన వంటింట్లో సింకు కింద దూరి కారుతున్న కుళాయి బాగుచేస్తున్నాడు. కూతురు వచ్చి పక్కన గచ్చు మీద కూర్చుంది. "నన్ను క్షమించు నాన్నా. నీ తప్పేమీ లేకపోయినా నిన్ను శిక్షించాను," అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన సింకు కిందినుంచి బయటికొచ్చాడు. రెంచీ పట్టుకున్న చేత్తోనే ఆ పిల్ల తల నిమిరాడు. "పోనీలేమ్మా, నాకు కోపమేం లేదు," అన్నాడు. గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆవిడకు, ఇక తన కాపురానికి లోటేమీ లేదనిపించింది.

నిజానికి ఆ తర్వాత లోటేమీ లేదు కూడా. రిటైరయ్యాక చీఫ్ అంత ఇంటిపట్టున ఉండే మనిషి ఆ వీధిలోనే లేడు. మనవరాలి బడిబట్టలు ఇస్త్రీ చేసేవాడు, బడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు, ఇల్లంతటికీ ఒక్క బొట్టు కారే కుళాయి ఉండనిచ్చేవాడు కాదు. పోయింది కూడా ఆ పిల్ల బూట్లకు పాలిష్ పెడుతూనే. ఒక బూటు మెరుస్తోంది, రెండోది ఒళ్ళో ఉంది.

మాజీ నావికుల సంఘంవాళ్ళు సంతాపసభ పెట్టారు. ఇనుపసామాను కొట్టు మేడమీద పొడుగాటి హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ముట్టుకుంటే కీచుమనే మైకు. గుమ్మం పక్కన ఏదో పాత ఓడనుంచి తెచ్చిన ఇత్తడి గంట. మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం చేరారు. కూతురు మాట్లాడాలన్నది తల్లి పట్టుదల. "ఆ కుర్చీ సంగతి చెప్పు. నువ్వెలా పొరబడ్డావో, ఆయన ఎంత పెద్దమనసుతో క్షమించారో నలుగురికీ తెలియాలి," అని దగ్గర కూర్చుని మరీ సిద్ధం చేయించింది.

వేదిక మీద చీఫ్ ఫొటో పెట్టారు. దాని వెనక గుడ్డ మీద పెద్ద అక్షరాలతో 'మా రిలీఫన్నకు కన్నీటి వీడ్కోలు' అని రాయించారు.

అది చూసి ఆవిడ నవ్వింది. ఆయన పోయాక అదే మొదటి నవ్వు. "మీరు కూడా ఆయన్ని ఏడిపించేవాళ్ళన్నమాట! ఇంట్లో మేమే అనుకున్నాను," అంది పక్క కుర్చీలో ఉన్న గ్రీజుతో.

గ్రీజు అంటే ఇంజన్ గదిలో చీఫ్ కింద పనిచేసినవాడు. ఎంత తోమినా చేతుల నలుపు వదలక ఆ పేరు వచ్చింది, అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"ఏడిపించడమేంటి వదినా?"

"అదే, అస్తమానం రిలీఫ్ రాలేదు, రిలీఫ్ రాలేదు అనేవారు కదా. ఆ పేరు అందుకేగా పెట్టారు?"

గ్రీజు ఆవిడ వంక వింతగా చూశాడు. "అన్న ఆ మాట అనడమా? ఓడ మొత్తంలో ఆ మాట అనని మనిషి అన్న ఒక్కడే. అనేవాళ్ళం మేము. ఎవడికి ఇంటి దగ్గర అవసరమొచ్చినా, 'పోరా, నీ బదులు నేనుంటా' అని తన సెలవు వాడికిచ్చేవాడు. మా అందరికీ రిలీఫ్ ఆయనే. అందుకే రిలీఫన్న. అయినా మీకు తెలీకపోవడమేంటి? అదంతా మీ చలవేగా!"

"నా చలవా?"

"మరి? 'మా ఆవిడే ఇచ్చెయ్యమంది, తనేమీ అనుకోదు' అనేవాడుగా. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మిమ్మల్ని దేవతంటారు వదినా."

ఆవిడ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. అడగకూడదనుకుంటూనే అడిగింది. "మా అమ్మాయి పెళ్ళప్పుడు... అప్పుడు కూడా ఎవరికైనా ఇచ్చారా?"

"అయ్యో, అది నాకేగా!" అన్నాడు గ్రీజు. ఆ సంతోషం చూడాలి, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు. "అప్పుడే మా ఆవిడ అలిగి పుట్టింటికి పోయింది. వచ్చి తీసుకెళ్తే సరి, లేకపోతే ఇక రానని కబురు పెట్టింది. నేను పంపు వెనకాల కూర్చుని ఏడుస్తున్నా. ఆ ఇంజన్ తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఒకడు దిగితే ఇంకొకడు ఉండి తీరాలి. అన్న సంచీ సర్దేసుకున్నాడు. నన్ను చూశాడు. సంచీ విప్పేశాడు. 'అమ్మాయి పెళ్ళి కదన్నా' అన్నాను. ఒట్టు వదినా, అన్నాను. 'అక్కడ అంతా మా ఆవిడ చూసుకుంటుందిరా. నేనెళ్ళి చేసేదేముంది, చుట్టంలా ఓ మూల కూర్చోవడమే. ముందు నీ కాపురం చూసుకో' అన్నాడు."

"నిలబడిందా నీ కాపురం?"

"నిక్షేపంగా! అదిగో," అని వెనక వరుసలోకి చూపించాడు. అక్కడ గ్రీజు భార్య, ఎర్రశాలువా కప్పుకున్న మనిషి, ఇటు చూసి చేతులు జోడించింది.

ఆవిడ లేచి సంఘం కార్యదర్శి దగ్గరకు వెళ్ళింది. గ్రీజు గొప్పలు చెప్పే రకమని, కోతలు కోస్తున్నాడని ఆయన అంటే బాగుండునని వెళ్ళింది. "ఈయన సెలవులు అందరికీ ఇచ్చేవారటగా?" అంది, తెలిసినదాన్నే అడుగుతున్నట్టు. కార్యదర్శి పొంగిపోయి మరో ఇద్దర్ని పిలిచాడు. ఒకడికి చెల్లెలి పెళ్ళి, ఒకడికి తల్లి జబ్బు. ఒకడికైతే ఊళ్ళో ఆటల పోటీ. "పోటీలో ఓడిపోయాననుకోండి, అన్న తిట్టాడు," అని నవ్వాడు. ఆ పోటీ ఎప్పుడని అడిగింది. ఆ ఏడు వానలకు ఊరంతా మునిగిందని, మైదానం ఆరాక పెట్టారని చెప్పాడు. అద్దింటి కప్పు కూలిన ఏడే అది; ఆవిడకు నెత్తి మీది పరుపు బరువు మళ్ళీ తెలిసింది.

హాలు వెనక చిన్న కుళాయి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మొహం కడుక్కుని కుళాయి కట్టేసింది. అది బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. ఆయనుంటే ఈపాటికి చొక్కా చేతులు మడిచేవాడు, అనిపించింది. అనిపించినందుకు ఒళ్ళు మండింది.

ఇంకో ఆడది ఉందని తెలిసినా ఇంత కడుపు రగిలేది కాదేమో. అప్పుడైతే జుట్టు పట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది. ఇక్కడ ఎవర్ని తిట్టాలి? వీళ్ళంతా మంచివాళ్ళు. ఆయన ఇంకా మంచివాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చలో గెలవడానికి పెట్టుబడి ఇంట్లోంచి తీశాడు. తీసిన సంగతి ఇంటిదానికి చెప్పలేదు సరికదా, ఇచ్చింది ఆవిడేనని ఊళ్ళో చెప్పాడు. ఆవిడ సమర్థురాలట, అందుకని ఒంటరిగా వదిలేయొచ్చట! ఆవిడ కూడా పంపు వెనకాల కూర్చుని ఏడ్చి ఉంటే, అలిగి పుట్టింటికి పోయి ఉంటే, ఆయన సంచీ విప్పకుండా వచ్చేవాడేమో. పరుపు నెత్తిన పెట్టుకోవడమే ఆవిడ చేసిన నేరం.

సరే, తన సంగతి పోనీ. మొగుడూ పెళ్ళాల లెక్క ఎన్నటికీ తేలదు. ఆవిడ గొంతులో ముల్లులా గుచ్చుకున్నది వేరే ఉంది. సింకు పక్కన గచ్చు మీద ఆ పిల్ల ఏడ్చిన ఏడుపు. 'నీ తప్పేమీ లేకపోయినా' అంది. ఆయన విన్నాడు. తప్పు తనదేనని తెలిసీ, కూతురు చెప్పిన క్షమాపణ పుచ్చుకుని తల నిమిరాడు. 'నాకు కోపమేం లేదు' అన్నాడు. ఏం పాపం, ఎందుకుంటుంది కోపం? ఆ గొంతు చిన్నబోవడం చూసి ఆవిడ ప్రేమనుకుంది. తేలు కుట్టిన దొంగ గొంతు అలాగే ఉంటుందని ఆరోజు తట్టలేదు. ఆ పిల్లను అక్కడికి ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టింది ఎవరు? తనే. ఆయన అబద్ధానికి వకీలు, సాక్షి, బంట్రోతు, అన్నీ తనే.

బయట మైకు కీచుమంది. కూతురి గొంతు వినిపించింది.

ఆవిడ గబగబా బయటికొచ్చింది. కూతురు అప్పటికే వేదిక మీద నిలబడి ఉంది. "మా నాన్నకు నేను చాలా అన్యాయం చేశాను," అని మొదలుపెట్టింది. "నా పెళ్ళి ఫొటోలో ఒక ఖాళీ కుర్చీ ఉంటుంది..."

ముందు వరుసలో గ్రీజు తల వంచుకుని వింటున్నాడు. ఆ కుర్చీ తన కోసమే ఖాళీ అయిందన్న సంగతి ఈ పిల్లకు ఎవరూ చెప్పలేదని వాడికింకా తెలియదు. ఆవిడ గోడ పక్కన నిలబడిపోయింది. ఊరుకోవచ్చు. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఇంకాసేపు ఊరుకుంటే అందరూ కళ్ళు తుడుచుకుని ఇళ్ళకు పోతారు, ఆయన పరువు ఆయనకుంటుంది. కానీ ఊరుకుంటే ఆ పిల్ల ఇవాళ మళ్ళీ క్షమాపణ చెబుతుంది. ఈసారి ఇంతమంది ముందు, అదీ తను నేర్పిన మాటలతో.

"ఆయన కావాలని రాలేదనుకున్నాను," అంటోంది కూతురు. "అంత మూర్ఖంగా..."

ఆవిడ వేదిక ఎక్కి కూతురి చేతిలో ఉన్న మైకు మీద చెయ్యి వేసింది.

"తీసుకున్నాను," అంది.

చిన్నప్పటి అలవాటు, కూతురి నోటినుంచి దానంతటదే వచ్చేసింది. "అప్పగించాను." ఆ తర్వాత గాని, ఏమైందమ్మా అన్నట్టు చూడలేదు.

ఆవిడ జనంవైపు తిరిగింది. మాటలు ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలియలేదు. కూతురివైపు తిరిగితే తెలిసింది.

"నువ్వు పొరబడలేదమ్మా. నువ్వన్నదే నిజం. మీ నాన్న కావాలనే రాలేదు. సెలవు వచ్చింది, సంచీ సర్దుకున్నారు, మళ్ళీ విప్పేశారు. ఆ సెలవు ఇంకొకరికి ఇచ్చి, రిలీఫ్ రాలేదని మనకు ఫోన్ చేశారు. నాకిప్పుడే తెలిసింది. ఆరోజు వంటింట్లో నువ్వు చెప్పిన క్షమాపణ ఆయనకు చెందేది కాదు. ఆయన పుచ్చుకోకూడదు, పుచ్చుకున్నారు. నిన్ను చెప్పమన్నది నేను. ఇప్పుడు నేనే వెనక్కి తీసుకుంటున్నాను. ఈ జన్మలో నువ్వు ఆయనకు చెప్పాల్సిన క్షమాపణ ఏదీ లేదు."

గ్రీజు కుర్చీలోంచి సగం లేచాడు. "వదినా, నాకు తెలీదు వదినా..." అన్నాడు. వెనక వరుసలో ఎర్రశాలువా మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీ తప్పేం లేదు నాయనా," అంది ఆవిడ. "మీ అందరి ఇళ్ళూ నిలబడ్డాయి, సంతోషం. నన్ను దేవతనుకున్నారట, అది మాత్రం మానుకోండి. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఇవ్వనని చెప్పేదాన్ని. ఒక్క ఆటల పోటీకి మాత్రం అస్సలు ఇచ్చేదాన్ని కాదు." ఎవరో ఏడుపులోనే ఫక్కుమని నవ్వి, సిగ్గుపడి ఆగిపోయారు. ఆవిడ వెనక్కి తిరిగి గుడ్డ మీది అక్షరాలు చూసింది. "రిలీఫన్న అని బాగా పెట్టారు పేరు. మీ అందరికీ వచ్చారు. మా ఇంటికే రాలేదు."

ఇంకా ఏదో చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదని చెప్పాలేమో. బూటు సంగతి, బడిబట్టల సంగతి చెప్పాలేమో. కాని ఇవాళ ఆ వకాల్తా పుచ్చుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఫొటోలో ఆయన నవ్వుతూనే ఉన్నాడు. చేతిలోని మైకు ఎక్కడ పెట్టాలో ఆవిడకు తెలియడం లేదు.

కూతురి చెయ్యి వచ్చి ఆవిడ చేతి మీద పడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు నిలకడగా ఉంది.

"అమ్మా, నేను తీసుకున్నాను," అంది.

దానికి అనాల్సిన మాట ఒకటుందని ఆవిడకు తెలుసు. కూతురు గరిటె ఇచ్చినప్పుడల్లా విన్నదే, ఆయన గుమ్మం దిగినప్పుడల్లా విన్నదే. తనెప్పుడూ అనలేదు. అనాలంటే తీసుకునేవాళ్ళు ఎదురుగా నిలబడాలి కదా.

"అప్పగించాను," అంది ఆవిడ, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు. వేదిక దిగి, దొరికిన కుర్చీలో కూర్చుంది.